ఔన్సు చేతి కొలత

కాంపౌండరుగారి ఇంట్లో పొద్దుటి కాఫీకి కూడా కొలత ఉండేది. ఆయన తన పాత ఔన్సు గ్లాసుతో పాలు కొలిచి పోస్తే తప్ప ఎవరి నోట్లోనూ చుక్క పడేది కాదు. ఒకప్పుడు గ్లాసును గట్టు మీద పెట్టి, మోకాళ్లు వంచి, కన్ను గీతకు సరిగ్గా ఎదురుగా తెచ్చి చూసేవారు. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి కాబట్టి స్టూలు వేసుకుని చూస్తున్నారు. ఈ తతంగం ముగిసేదాకా ఆయన భార్య గిన్నె పట్టుకుని నిలబడేది. "చేత్తో పోస్తే ఈపాటికి తాగేసి కప్పులు కూడా కడిగేసేదాన్ని" అని రోజూ అనేది, రోజూ ఆగేది.

కాంపౌండరుగారన్నది ఉత్తుత్తి పిలుపు కాదు. మాత్రలు ఇంకా అట్టల్లో విరివిగా రాని రోజుల్లో ఒక పెద్ద డాక్టరు దగ్గర, చెక్క కిటికీ వెనక నిలబడి, మందునీళ్లు కలిపి సీసాల్లో పోసి ఇచ్చిన మనిషి ఆయన. చీటీ డాక్టరు రాసినా, ఈయన చెయ్యి పడితేనే జబ్బు తగ్గుతుందని జనం నమ్మకం. డాక్టరు పోయారు, ఆస్పత్రి మూతబడింది. తర్వాత కొన్నాళ్లు ఒక మందుల షాపులో కూర్చుని అట్టలు కత్తిరించి ఇచ్చారు గానీ, అది ఆయనకు పనిలా అనిపించలేదు. కలపడమనే పనే లోకంలో లేకుండా పోయిందని ఆయన లోపల్లోపల ఒక దిగులు పెట్టుకున్నారు.

ఆ పొద్దున కాఫీ కప్పులు బల్ల మీదకు వచ్చాక కొడుకు ఫోను పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు. అతను బ్యాంకులో పని చేస్తాడు. అక్కడే పనిచేసే అమ్మాయిని ఇష్టపడ్డాడు. రెండు కుటుంబాలూ ఒకసారి కలిశాయి. మాట ఖాయం చేసుకోవడానికి ఈ సాయంత్రం మళ్లీ కలవాలి.

"వాళ్లు బల్ల బుక్ చేశారు నాన్నా. ఇటాలియన్ రెస్టారెంటు."

"మంచిదేగా. కారాలు తక్కువ ఉంటాయి, నాకు పడతాయి" అన్నారు కాంపౌండరుగారు.

"మన ఔన్సు పని చేసేదే."

కాంపౌండరుగారి చేతిలో కప్పు అక్కడే ఆగిపోయింది.

ఔన్సు ఆయన కూతురు. ఆ పేరు ఆయనే పెట్టారు. పుట్టినప్పుడు అంత చిన్నగా ఉండేదట. నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆస్పత్రి కిటికీ వెనకే ఆమె ఆట. స్టూలు ఎక్కించి, చిట్టి చెయ్యి పట్టుకుని, రంగునీళ్లు కొలిపించేవారు. "కంటిని గ్లాసు దగ్గరికి తీసుకెళ్లాలి, గ్లాసును కంటి దగ్గరికి లేపకూడదు. చెయ్యి వణికితే కొలత మారిపోతుంది" అని చెప్పేవారు. ఇప్పుడా పిల్ల పెద్దదై, ఊళ్లో అందరూ చెప్పుకునే ఇటాలియన్ రెస్టారెంటులో బారు కౌంటరు వెనక నిలబడి కాక్‌టెయిల్స్ కలుపుతోంది. ఈ నెల నుంచి ఆ కౌంటరుకి పెద్ద కూడా ఆమే.

అదే కాంపౌండరుగారికి మింగుడుపడని విషయం. మొదటిసారి పెళ్లివారింటికి వెళ్లినప్పుడు అమ్మాయి తండ్రి ఇంజినీరుగారు, "మీ పాప ఏం చేస్తోందండీ" అని మామూలుగానే అడిగారు. కాంపౌండరుగారు "పెద్ద హోటల్లో అకౌంట్సు చూస్తుందండి" అనేశారు. జన్మలో చుక్క ఎక్కువ తక్కువ పోయని మనిషి ఆ రోజు కొలతే లేకుండా అబద్ధం పోసేశారు. పక్కనే ఉన్న భార్య తలవంచుకుని చీర అంచు సర్దుకుంది.

తల తుడుచుకుంటూ గదిలోంచి వచ్చిన ఔన్సుకి బల్ల దగ్గరి ముఖాలు చూడగానే అర్థమైంది. "అన్నయ్య చెప్పేశాడా" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇవాళ లీవు పెట్టు" అన్నారు కాంపౌండరుగారు.

"ఇవాళ కుదరదు నాన్నా. నేను తయారు చేసిన కొత్త డ్రింకులు ఇవాళే మొదలవుతున్నాయి. వారం నుంచి చెప్తున్నాను, ఈ ఇంట్లో ఎవరూ వినలేదు."

"లీవు పెట్టి మాతో పాటు బల్ల దగ్గర కూర్చో. ఎవరైనా అడిగితే అకౌంట్సు అని చెప్పు. గంటన్నరలో అయిపోతుంది."

"నాకు అకౌంట్సు రావు. లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకాలన్నీ నువ్వే పెట్టావు."

అన్నయ్యకి నవ్వొచ్చింది కానీ తండ్రి ముఖం చూసి కాఫీలో దాచుకున్నాడు.

"నవ్వులాట కాదిది" అన్నారు కాంపౌండరుగారు, కప్పు కింద పెడుతూ. "జబ్బుతో వచ్చినవాళ్లకి సీసా ఇచ్చి బాగుచేసి పంపాను నేను. నువ్వు బాగున్నవాళ్లకి సీసా ఇచ్చి పాడు చేస్తున్నావు. నలుగురిలో ఏమని చెప్పుకోను? నా కూతురు బారులో గ్లాసులు నింపుతుందని చెప్పనా?"

ఔన్సు తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. "ఒక్కసారి వచ్చి చూడు నాన్నా, చూశాక తిట్టు అని నాలుగేళ్లుగా అడుగుతున్నాను. నువ్వు ఆ వీధి వైపు కూడా రాలేదు. బస్సు అటు వెళ్తుందని తెలిస్తే ముందు స్టాపులోనే దిగిపోతావని అమ్మ చెప్పింది."

"అది దీనితో ఎందుకు చెప్పావు" అన్నట్టు ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ గిన్నె తోముతున్నట్టు నటించింది. గిన్నె ఎప్పుడో తళతళలాడుతోంది.

"సరే. బల్ల మార్చమంటే ఎందుకని అడుగుతారు. లీవు నీకు కుదరదు. ఇక మిగిలింది ఒకటే దారి" అన్నారు కాంపౌండరుగారు. మాట ఆయనకే కష్టంగా ఉన్నట్టుంది, కిటికీ వైపు చూస్తూ చెప్పారు. "అక్కడ నువ్వెవరో, మేమెవరో. మా బల్ల దగ్గరికి రావద్దు. పలకరించొద్దు. అమ్మాయికి ఆఫీసులో పని పడింది, రాలేకపోయిందని మేం చెప్పుకుంటాం."

వంటింట్లో కొళాయి చప్పుడు ఆగింది.

"అలాగే నాన్నా" అంది ఔన్సు. గొంతు మామూలుగానే ఉంది, కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి. "వచ్చేవాళ్లందర్నీ ఎలా పలకరిస్తానో నిన్నూ అలాగే పలకరిస్తాను. అండీ అంటాను. కానీ ఇవాళ సాయంత్రం నిన్ను అండీ అన్నాక, రేపు పొద్దున ఇదే బల్ల దగ్గర నాన్నా అనడం నాకు చేతనవుతుందో లేదో మాత్రం తెలీదు."

లేచి గదిలోకి వెళ్లిపోయింది. కాంపౌండరుగారు కాఫీ ఎత్తుకున్నారు. అది చల్లారిపోయి ఉంది.

"ఏమండీ" అంది భార్య, గుమ్మంలో నిలబడి. "నేనూ వస్తాను. మీరు చూడొద్దంటే బిడ్డవైపు చూడను. కానీ ఎవరైనా నన్ను అడిగితే మాత్రం అబద్ధం నా నోట రాదు. అందుకని నన్నెవరూ ఏమీ అడక్కుండా మీరే చూసుకోండి."

అన్నేళ్ల కాపురంలో ఆవిడ పెట్టిన మొదటి షరతు అది. కాంపౌండరుగారు తల ఊపారు.

రెస్టారెంటులో మధ్యాహ్నం నుంచే పని మొదలవుతుంది. వంటింటివైపు కట్టెల పొయ్యి అంటుకుంటే, బారు వైపు ఔన్సు నారింజ తొక్క తీయడం మొదలుపెట్టింది. తొక్క లోపలి తెలుపు రాకుండా, పైపొర మాత్రం కాగితంలా చెక్కాలి. తెల్లపొర పడితే మంచి చేదు పోయి పాడు చేదు వస్తుంది. అల్లం దంచి, ఏలకులు చితక్కొట్టి, చేదు వేరు నానబెట్టిన నీళ్లు వడకట్టి, ఒక్కొక్కటీ ఒక్కో సీసాలో పోసుకుంది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె మనసు కుదురుగానే ఉంది. చేతులు ఖాళీ అయిన క్షణంలో మాత్రం పొద్దుటి మాట గుర్తొచ్చేది.

"కిటికీ పక్క బల్ల ఏడింటికి" అని మేనేజరు వచ్చి చెప్పాడు. "ఆరుగురు. ఎవరైనా ముఖ్యమైనవాళ్లా? రెండుసార్లు వెళ్లి ఆ బల్ల తుడిచావట."

"చాలా ముఖ్యమైనవాళ్లు. కాకపోతే నాకేమీ కారు."

మేనేజరుకి అది ఏమీ అర్థం కాలేదు. 

సాయంత్రం కాంపౌండరుగారి కుటుంబం లోపలికి అడుగుపెట్టేసరికి దీపాలన్నీ వెలిగి ఉన్నాయి. ఇత్తడి గొట్టాల నుంచి వేలాడే గుండ్రటి దీపాలు, తెల్లటి బల్లగుడ్డలు, మడిచి నిలబెట్టిన నాప్కిన్లు. కాల్చిన రొట్టె వాసన, వెల్లుల్లి వాసన, ఆలివ్ నూనె వాసన కలిసి ముక్కు పట్టుకుని లోపలికి లాక్కెళ్తున్నాయి. కుడివైపు గోడ పొడవునా చలువరాతి కౌంటరు, దాని వెనక రంగురంగుల సీసాలు. అక్కడ తెల్లచొక్కా మీద నల్ల ఏప్రన్ కట్టుకుని, చేతులు మోచేతిదాకా మడిచి ఔన్సు నిలబడి ఉంది.

కాంపౌండరుగారు తెలివిగా కౌంటరుకి వీపు పెట్టే కుర్చీ ఎంచుకున్నారు. ఎదురుగోడంతా అద్దమేనని కూర్చున్నాక గానీ తెలియలేదు. తల ఎత్తితే చాలు, కూతురు కనిపిస్తోంది. లేచి కుర్చీ మారితే బాగుండదు. మెనూ కార్డు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

ఇంజినీరుగారు వంతెనలు కట్టి రిటైరైన మనిషి. ఏ సంగతి ఎత్తుకున్నా ఈ గట్టు నుంచి ఆ గట్టు చేరేదాకా వదలరు. పిజ్జా ఎంత పలచగా ఉండాలో, పాస్తా ఎన్ని రకాలో, చీజ్ ఎన్ని నెలలు మగ్గాలో బల్లకంతటికీ వినిపించి, అందరి తరఫునా తనే ఆర్డరిచ్చేశారు. కాంపౌండరుగారి భార్య ఫోర్కుకి పాస్తా చుట్టబోతే, చుట్టినకొద్దీ పళ్లెంలో పాస్తా అంతా ఒకే ఉండలా కదిలొచ్చింది. "వదినగారూ, నేను మాత్రం స్పూనుతో కత్తిరించేస్తానండి, ఎవరూ చూడనప్పుడు" అని ఇంజినీరుగారి భార్య ఆవిడ చెవిలో చెప్పింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఆ నవ్వులో కూడా కాంపౌండరుగారి భార్య కళ్లు ఒకసారి కౌంటరు వైపు పోయి, గబుక్కున పళ్లెంలోకి వచ్చేశాయి.

"మీ పాప రాలేదేమండీ" అని ఇంజినీరుగారి భార్య అడిగింది. అడిగింది సరిగ్గా అడగకూడని మనిషినే.

ఆవిడ నోరు తెరిచేలోపు కాంపౌండరుగారు అందుకున్నారు. "ఆఫీసులో పని పడిందండి. నెలాఖరు కదా."

కొడుకు, కాబోయే కోడలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాంపౌండరుగారి భార్య మంచినీళ్ల గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేసింది.

"అటు చూడండి" అంది ఇంజినీరుగారి భార్య ఇంతలో, కౌంటరు వైపు చూపిస్తూ. "ఆ అమ్మాయి చేతులు చూడండి. ఎంత ముచ్చటగా ఉందో ఆ పని. అలా చూస్తూ కూర్చోవచ్చు."

కాంపౌండరుగారు వెనక్కి తిరగలేదు. మెనూ కార్డు కిందికి దిగింది.

అద్దంలో ఔన్సు ఒక సీసా ఎత్తింది. పట్టుకోవడమే లేబుల్ అరచేతి వైపు ఉండేలా పట్టుకుంది. పోసేటప్పుడు చుక్క జారితే లేబుల్ మీద పడి అక్షరాలు చెరిగిపోతాయి, మందు పేరు చెరిగితే ప్రాణాల మీదకొస్తుంది అని ఆయన ఎన్నిసార్లు చెప్పారో. ఆ పక్కన పనిచేసే ఇద్దరూ స్టీలు కప్పులతో చకచకా కొలుస్తున్నారు. ఆమె ముందు మాత్రం గీతలున్న గాజు గ్లాసు ఉంది. దాన్ని చలువరాతి మీద పెట్టింది. మోకాళ్లు వంచింది. కన్ను గీతకు ఎదురుగా తెచ్చి, ఊపిరి బిగబట్టి పోసింది. తర్వాత సీసా మూతి మీద మిగిలిన చుక్కను గ్లాసు అంచుకు తాకించి లోపలికి జారనిచ్చింది.

ఆ చుక్క తాకించడం ఏ పుస్తకంలోనూ ఉండదు. అది కాంపౌండరుగారిది. మందు వృథా కాకూడదని ఆయనంతట ఆయన అలవాటు చేసుకున్న పద్ధతి. ఆయన మెనూ కార్డు మూసి బల్ల మీద పెట్టేశారు.  

ఇంజినీరుగారు ఈలోగా పానీయాలు తెప్పించారు. "మనమంతా ఆ అలవాటు లేనివాళ్లమే కదండీ. ఇది ఇవాళే మొదలుపెట్టారట, మద్యం లేనిదట" అన్నారు. పొడుగుకాడ గ్లాసుల్లో తేనెరంగు పానీయం, పైన సన్నటి నారింజ తొక్క. ఒక గుక్క తాగి ఆయన ముఖం చిట్లించారు.

"ఇదేమిటండీ ఇంత చేదు. ఇది విందుకా, కడుపునొప్పికా? కొలతా పాడూ తెలియనివాళ్లని పెట్టుకుంటే ఇంతే." వెయిటర్ని పిలిచారు. "ఇది కలిపిందెవరో ఒకసారి రమ్మనండి."

"వదిలెయ్యండి నాన్నా" అంది కాబోయే కోడలు.

"వదిలెయ్యడమేమిటి. తప్పు చెప్తేనే కదా దిద్దుకుంటారు."

ఔన్సు వచ్చింది. ఆ హాలులో ఏ బల్ల దగ్గరికైనా వెళ్లవచ్చు, ఈ ఒక్క బల్ల దగ్గరికే రాకూడదని పొద్దున మాటైంది. తప్పలేదు. ఇంజినీరుగారి పక్కన, తన తండ్రికి సరిగ్గా ఎదురుగా నిలబడింది. తల్లి వైపు గానీ అన్న వైపు గానీ చూడలేదు.

"చెప్పండి సార్."

"చేదు ఎక్కువైందమ్మా. చెయ్యి జారినట్టుంది."

"చెయ్యి జారలేదండి. దీని రుచే ఇది. నచ్చకపోతే తియ్యగా ఉండేది ఇంకోటి కలిపి తెస్తాను."

"జారలేదని ఎలా అంటావు? తాగుతున్నది నేను. నేర్చుకునే వయసు, తప్పు ఒప్పుకుంటే తప్పేం లేదు."

ఔన్సు పెదవి బిగించింది. ట్రేలోకి ఇంజినీరుగారి గ్లాసు తీసుకోబోతూ, ఇంకా ముట్టని గ్లాసు ముందు కూర్చున్న తండ్రి వైపు తిరిగింది.

"మీది కూడా మార్చమంటారాండీ?"

ఎంత మర్యాదగా అందో. ఆ మర్యాద కాంపౌండరుగారికి ఛాతీలో గుచ్చుకుంది. మాటలు నేర్చిన రోజు నుంచి ఆ నోరు ఆయన్ని నువ్వు అనే అంది. కోపంలో అంది, జ్వరంలో అంది, ఇంటికి ఆలస్యంగా వచ్చి తిట్లు తింటూ కూడా అంది. ఇవాళ తను అడిగినందుకే అండీ అంటోంది. అడిగి తెచ్చుకున్న మర్యాద అది.

ఆయన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగారు.

నాలుక చివర తీపి. నడుమ అల్లం మంట, ఏలకుల చలవ. మింగాక, అంతా అయిపోయిందనుకున్నాక, గొంతు వెనక నుంచి నిదానంగా చేదు. ఆయనకు చెక్క కిటికీ కనిపించింది. కిటికీ అవతల సీసాలు పట్టుకుని నిలబడ్డ జనం కనిపించారు. పెద్ద డాక్టరు కడుపు మందు ఇదే. ఎందరి అజీర్తి తీర్చిందో లెక్క లేదు. తాను బతికుండగానే ఆ మందు చచ్చిపోయిందనుకున్నారు. అది ఇక్కడ, ఇత్తడి దీపాల కింద, పొడుగుకాడ గ్లాసులో కూర్చుని ఉంది.

"మార్చొద్దు" అన్నారు. "ఆయనది కూడా మార్చొద్దు."

"బావగారూ" అన్నారు ఇంజినీరుగారు ఆశ్చర్యంగా, "మీకు చేదు తెలియడం లేదా?"

"తెలుస్తోందండి. వెనక తెలుస్తోంది. చెయ్యి జారితే చేదు ముందొస్తుంది. ఇందులో ముందు తీపి, తర్వాత అల్లం, ఆఖర్న చేదు. ఆ వరస రావాలంటే కొలత చుక్క కూడా తప్పకూడదు. ఇది కలిపిన చేతికి కొలత తప్పదు."

"ఇప్పుడే చూసిన పిల్ల మీద మీకింత నమ్మకమేమిటండీ?"

"ఇప్పుడే చూసిన పిల్ల కాదు." కాంపౌండరుగారు కుర్చీ జరుపుకుని నిలబడ్డారు. ఆ మాట కూర్చుని అనడం ఆయనకు సరిపడలేదు. "స్టూలు ఎక్కించి, ఆ చెయ్యి పట్టుకుని కొలత నేర్పింది నేనే. ఇది నా కూతురు."

చుట్టుపక్కల రెండు మూడు బల్లల దగ్గర ఫోర్కులు ఆగాయి. ఆయన భార్య నాప్కిన్ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఔన్సు చేతిలో ట్రే అలాగే ఉంది. 

"మరి అకౌంట్సు అన్నారూ..." అని ఇంజినీరుగారి భార్య సగంలో ఆపేసింది.

"అబద్ధం చెప్పానండి. సిగ్గుపడి చెప్పాను. ఇప్పుడు ఆ సిగ్గుపడినందుకు సిగ్గుగా ఉంది." అన్నారు కాంపౌండరుగారు. "ఈ సంబంధం వద్దనుకుంటే మీ ఇష్టం. ఇంటికెళ్లి నన్ను తిట్టుకోండి, పడతాను. కొలత తప్పిందని మాత్రం మా అమ్మాయిని అనకండి."

 కాబోయే కోడలు తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఈ రెస్టారెంటు కావాలని పట్టుబట్టింది ఎందుకనుకున్నారు? ఔన్సు కొత్త డ్రింకు మొదటి రోజే తాగాలని."

కాంపౌండరుగారు గిరుక్కున కొడుకు వైపు తిరిగారు. "ఆ పేరు ఈ అమ్మాయికెలా తెలుసురా?"

"మొదట్లోనే అన్నీ చెప్పేశాను నాన్నా" అన్నాడు కొడుకు, పాస్తాలోకి చూస్తూ. "చెప్పానని నీకు చెప్పలేదు, అంతే."

ఇంజినీరుగారు తన గ్లాసు మళ్లీ దగ్గరికి లాక్కున్నారు. ఈసారి చిన్న గుక్క తీసుకుని, కళ్లు మూసుకుని, మింగి, ఆగారు. వంతెన మీద మొదటి బండి వెళ్తున్నప్పుడు ఆయన అలాగే ఆగేవారని ఆయన భార్య తర్వాత చెప్పింది.

"వెనకే వస్తోంది" అని ఒప్పుకున్నారు చివరికి. "నిజమే. నేను తొందరపడి మింగేశాను. అమ్మా, నువ్వు చెప్పిందే సరి, చెయ్యి జారలేదు." తర్వాత కాంపౌండరుగారి వైపు చూశారు. "బావగారూ, అబద్ధం సంగతి ఇంటికెళ్లి ఆలోచిస్తాను. కోపమైతే వచ్చింది, దాచను. ముందు ఇది పూర్తి చెయ్యనివ్వండి."

"ఆలోచించడానికేముంది" అంది ఇంజినీరుగారి భార్య. "మన అమ్మాయి బ్యాంకు మేనేజరని మా చెల్లెలికి మీరూ చెప్పిన రోజులున్నాయి, మర్చిపోయారా. నాకు ఇంకోటి తెప్పించండి."

ఇంజినీరుగారు దగ్గారు. కాంపౌండరుగారి భార్య మొదట నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు.

పక్క బల్ల ఆయన వెయిటర్ని పిలిచి, ఆ గొడవంతా దేని గురించో అదే తమకూ కావాలన్నాడు. వెనక బల్లవాళ్లూ అడిగారు. ఔన్సు తల వంచి "తెస్తానండి" అని అందరికీ కలిపి ఒకే మాట చెప్పి, ట్రే పట్టుకుని కౌంటరు వెనక్కి వెళ్లిపోయింది. తండ్రిని ఆమె ఇంకా ఏమీ పిలవలేదు.

కాంపౌండరుగారు కూర్చున్నారు. పాస్తా ముందు పెట్టుకున్నారు. ఒక ముద్ద తిన్నారో లేదో, పొద్దున ఆమె అన్న మాట చెవిలో మోగింది. రేపు పొద్దున నాన్నా అనడం చేతనవుతుందో లేదో అంది. అందరి ముందూ కూతురని చెప్పుకోవడం ఒకటి, ఆ కూతురు తిరిగి తండ్రీ అనుకోవడం ఇంకొకటి. ఆయన నాప్కిన్ బల్ల మీద పడేసి లేచారు.

"ఎక్కడికండీ, చల్లారిపోతుంది" అంది భార్య.

"పొద్దున కాఫీ చల్లారింది. ఇది కూడా చల్లారనీ."

మోకాళ్ల నొప్పితో, బల్లల మధ్య దారి వెతుక్కుంటూ ఆయన హాలు దాటారు. ఏ వీధిలోకి రాకుండా నాలుగేళ్లు ముందు స్టాపులో దిగిపోయారో, ఆ వీధిలోని కౌంటరు ముందుకొచ్చి నిలబడ్డారు. వరసగా ఆర్డర్లు పడుతున్నాయి. ఔన్సు తల ఎత్తలేదు. చేతిలో ఊపుతున్న షేకరు చప్పుడులో ఆమెకు అడుగులు వినిపించలేదు.

"ఔన్సూ" అని పిలిచారు.

ఆ పిలుపు హాలంతా వినిపించింది. మేనేజరు తిరిగి చూశాడు. పక్కన పనిచేస్తున్న ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, తమ పెద్దకు ఇలాంటి పేరొకటి ఉందని వాళ్లకు ఆ రోజే తెలిసింది.

షేకరు ఆగింది. ఆమె తల ఎత్తింది. ఆపుకున్న కన్నీళ్లు ఇక ఆగలేదు.

"నాన్నా" అంది.

చేతనైంది. రేపటిదాకా ఆగనక్కరలేకపోయింది.

ఆయన ఎత్తైన స్టూలు ఎక్కి కూర్చోవడానికి కాస్త అవస్థపడ్డారు. కూర్చున్నాక గొంతు సవరించుకుని అన్నారు. "నారింజ తొక్క చేదు ఒక చుక్క ఎక్కువైంది."

"ఎక్కువ కాలేదు. అల్లం తగ్గించాను, అందుకని అలా అనిపిస్తోంది."

"అల్లం ఎందుకు తగ్గించావు? డాక్టరుగారి లెక్క అది."

"డాక్టరుగారు కడుపునొప్పి ఉన్నవాళ్లకి ఇచ్చారు నాన్నా. వీళ్లకి నొప్పి లేదు. ఆకలి పుట్టాలి, అంతే."

కాంపౌండరుగారికి ఆ మాటలో తప్పు దొరకలేదు. "ఆ వెనక ఉన్న మిగతా సీసాల సంగతి నాకు ఇప్పటికీ నచ్చదు. అది చెప్తున్నాను."

"నచ్చమని నేనెప్పుడూ అడగలేదు. చూడమన్నాను."

"చూశాను" అన్నారాయన. "లేబుల్ అరచేతి వైపే పట్టుకున్నావు. చూశాను. చుక్క అంచుకు తాకించావు. అదీ చూశాను" అన్నారు. ఆ మాట అంటుంటే ఆయన కళ్లు నిండాయి, తుడుచుకోలేదు. చచ్చిపోయిందనుకున్న పని ఒకటి తన కళ్లముందు ఏప్రన్ కట్టుకుని నిలబడితే ఏ మనిషికైనా అంతే.

"ఇంకోటి కలుపు" అన్నారు. "నేను చూస్తుండగా."

ఔన్సు గీతల గ్లాసు కౌంటరు మీద పెట్టి, చేదు వేరు నీళ్లు గీతదాకా పోసింది. ఆయన అలవాటు కొద్దీ స్టూలు దిగి, గీత చూడటానికి వంగబోయారు. మోకాళ్లు సగంలోనే ఆగిపోయాయి. కౌంటరు పట్టుకుని నిలదొక్కుకున్నారు, ముఖం కాస్త చిన్నబోయింది.

ఔన్సు సీసా కింద పెట్టింది. చిన్నప్పటి నుంచి చెయ్యకూడదని నేర్పిన పని చేసింది. నిండిన గ్లాసును వేళ్ల మధ్య పట్టుకుని, తండ్రి కంటి ఎత్తుకు లేపి, అక్కడే నిలిపింది.

ఆయన ఒక కన్ను మూసుకుని గీత చూశారు. చాలాసేపు చూశారు. నీళ్లు గీత దగ్గర కదలకుండా నిలబడి ఉన్నాయి.

"చెయ్యి వణకలేదు" అన్నారు కాంపౌండరుగారు.